మస్తాన్‌గారి పెన్సిలు రాతలు

సిటీ బస్సులో కండక్టరు చేతిలోని టికెట్ మిషను కిర్రుమంటూ కాగితం బయటికి నెట్టినప్పుడల్లా నా వెన్ను నిటారవుతుంది. భవానీపురంలో ఎక్కి గవర్నర్‌పేటలో దిగేలోపు ఆ చప్పుడు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఇంట్లో స్కూటీ ఉంది, వీధి చివర ఆటోలున్నాయి, అయినా బస్సే ఎక్కుతాను. ఎందుకని మా ఆయన అడిగితే మోకాళ్ళ నొప్పులంటాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బస్సు మెట్లు ఎక్కరని ఆయనకూ తెలుసు, కానీ తెలిసినవన్నీ అడిగే అలవాటు ఆయనకు లేదు. అసలు సంగతి ఏమిటంటే, ఆ చప్పుడు అచ్చం మస్తాన్‌గారి ఎస్‌టీడీ బూత్‌లో బిల్లు కొట్టే చిన్న ప్రింటరు చప్పుడు. అది వినబడిందంటే గదిలో ఎవరో ఫోన్ పెట్టేశారని అర్థం. పెట్టేసిన మనిషి మొహం చూడకుండా బిల్లు చేతికివ్వకూడదన్నది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం.

ఇప్పుడు నా పని వెబ్‌సైట్లు తయారుచేయడం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వెబ్‌సైటు తెరిచిన మనిషి ఎక్కడ తికమకపడతాడో ముందే కనిపెట్టి, ఆ తికమక లేకుండా చేయడం. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడమన్నమాట. ఈ పనికి ఇవాళ పెద్ద పెద్ద పేర్లున్నాయి, కోర్సులున్నాయి. నేను ఏ కోర్సూ చదవలేదు. నేను చదివిందల్లా గవర్నర్‌పేటలో ఒక లాడ్జికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న పదడుగుల బూత్‌లో. నాకు నేర్పిన మనిషి జీవితంలో ఒక్కసారి కూడా మౌస్ పట్టుకోలేదు. ఆయన చెప్పినవన్నీ విన్నాను, ఒక్క మాట తప్ప. ఆ ఒక్క మాట విననందుకు ఒక మనిషి ప్రాణం పోయింది. దీన్ని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివేవాళ్ళు చివరికి ఏదో మంచి జరుగుతుందని ఆశపడటం నాకు ఇష్టం లేదు.

తొంభైల మధ్యలో, కంకిపాడు నుంచి రోజూ బస్సులో తిరిగి డిగ్రీ పూర్తిచేశాక, పని కోసం వెతుకుతుంటే ఆ బూత్ అద్దం మీద చేత్తో రాసిన కాగితం కనబడింది. ‘ఫోన్ల దగ్గర కూర్చోవడానికి మనిషి కావలెను. మెల్లగా మాట్లాడేవారు.’ మా ఇంట్లో మెల్లగా మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదివాళ్ళతో మాట్లాడటమే మాకు తెలిసిన మాట్లాడటం. అయినా లోపలికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నెరిసిన గడ్డం, చెవి మీద ఒక పెన్సిలు. నేను గడగడా చెప్పిందంతా ఓపిగ్గా విని, "మెల్లగా మాట్లాడటం నేర్పచ్చులేమ్మా. వినడం వచ్చా?" అన్నారు. వచ్చన్నాను. అది అబద్ధమని తేలడానికి ఆరేడేళ్ళు పట్టింది.

బూత్‌లో రెండు అద్దాల గదులుండేవి. మొదటి గది తలుపు బయటికి లాగితే తెరుచుకునేది. వచ్చినవాళ్ళందరూ దాన్ని లోపలికి తోసేవాళ్ళు. కొందరైతే భుజం పెట్టి నెట్టేవాళ్ళు. కూర్చున్న చోటి నుంచే 'లాగండి, లాగండి' అని అరిచి అరిచి నా గొంతు పోయేది. విసుగెత్తి ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'లాగండి' అని రాసి తలుపుకి అంటించాను. మస్తాన్‌గారు దాన్ని చూశారు. ఒక పూటంతా తలుపుకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. అట్ట ఉన్నా తోసేవాళ్ళు తోస్తూనే ఉన్నారు. సాయంత్రం వడ్రంగిని పిలిపించి, బందులు ఊడదీయించి, తలుపు లోపలికి తెరుచుకునేటట్టు బిగించేశారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "అంత పెద్ద అక్షరాలు రాశాను గదా బాబాయ్‌గారూ, చదువుకోవచ్చుగా" అన్నాను. ఆయన్ని అప్పటికే బాబాయ్‌గారూ అని పిలవడం మొదలుపెట్టాను.

"ఆస్పత్రి నుంచి పరిగెత్తుకొచ్చినోడికి అట్ట కనపడదమ్మా, తలుపే కనపడద్ది. అందరూ తోస్తా ఉంటే అందరిదీ తప్పంటే ఎట్టా? తలుపుదే తప్పు."

ఆస్పత్రి మాట ఎందుకన్నారంటే, మా బూత్‌కి వచ్చేవాళ్ళలో సగం మంది చుట్టుపక్కల ఆస్పత్రుల నుంచి వచ్చేవాళ్ళే. డెల్టా ఊళ్ళ నుంచి రోగిని తీసుకొస్తారు. రక్తం ఎక్కించాలి, మీవాళ్ళనెవరినైనా పిలిపించండి అని డాక్టరు అనగానే కాళ్ళూ చేతులూ ఆడక ఫోన్ కోసం పరిగెత్తుకొస్తారు. నేను చేరకముందు ఒకాయన వరసపెట్టి తన ఊరికంతా ఫోన్లు చేశాడట, ఎవరూ కుదరలేదట. కాసేపటికి మళ్ళీ వచ్చి అవే నంబర్లకి చావు కబురు చెప్పాడట. ఆ బిల్లు చింపేసి, మర్నాడు మస్తాన్‌గారు ఒక పొడుగాటి పుస్తకం కొన్నారు. మొదటి పేజీలో ‘రక్తం ఇచ్చేవారు’ అని రాశారు. అప్పటి నుంచి బూత్‌లో కాలుపెట్టిన ప్రతి ఆరోగ్యవంతుణ్ణీ గ్రూపు అడగడమే. లాడ్జిలో దిగిన మందుల కంపెనీ వాళ్ళూ, ఆటోవాళ్ళూ, కాలేజీ లెక్చరర్లూ, ఎవరినీ వదిలేవారు కాదు. నన్ను చేర్చుకున్న రోజునే నా గ్రూపు కూడా రాసుకున్నారు, బి పాజిటివ్.

ఆ పుస్తకంలో పేరూ గ్రూపూ ఫోన్ నంబరూ ఇంకుతో ఉండేవి. పేజీకి కుడి అంచున మాత్రం పెన్సిలుతో రాసిన మాటలుండేవి. నెలకోసారి ప్రతి నంబరుకీ ఫోన్ చేసి, కులాసాయేనా అని అడిగి, నాలుగు మాటలు మాట్లాడి, అంచున ఉన్నది చెరిపి కొత్తది రాసేవారు. ‘పక్కింటి నంబరు. సీరియల్ వచ్చేటప్పుడు పిలవరు.’ ‘షాపు ఓనరు కోపిష్ఠి. బావమరిదినని చెప్పాలి.’ ‘సూదంటే భయం. తోడు ఎవరైనా వెళ్ళాలి.’ ‘మొన్ననే పెళ్ళయింది. మూడు నెలలు అడగొద్దు.’ తీరిక దొరికితే నేను ఆ అంచులే చదువుకునేదాన్ని. వాటిలో నేను పడీ పడీ నవ్విన రాత ఒకటుంది. పేరు కిశోర్, ఓ నెగెటివ్, ఇల్లు భవానీపురం. అంచున ‘తల్లి ఎత్తుతుంది. రక్తం మాట ఎత్తొద్దు. ఆటకి ఒకరు తగ్గారు అనాలి’ అని ఉంది.

"ఇదేంటి బాబాయ్‌గారూ?" అంటే ఆయన కూడా నవ్వారు. "ఒక్కగానొక్క కొడుకమ్మా. రక్తం ఇస్తే మనిషి పీక్కుపోతాడని ఆమెకి భయం. క్రికెట్టంటే మాత్రం అన్నం ముందు నుంచైనా లేపి పంపిద్ది. ఆటలో చెయ్యి విరిగినా ఫర్వాలేదంట, రక్తం మాత్రం పోగూడదంట. తల్లులంతే." ముప్పై దగ్గరపడి, షిఫ్టు డ్యూటీలు చేసే కిశోర్ అలా ఏడాదికి మూడుసార్లు తల్లికి చెప్పకుండా 'ఆట'కి వచ్చేవాడు. చొక్కా చెయ్యి కిందికి దించుకుని దూది కనబడకుండా ఇంటికి పోయేవాడు.

వణికే చేతులతో వచ్చినవాళ్ళతో మస్తాన్‌గారు మాట్లాడే పద్ధతి వేరుగా ఉండేది. పేరు, ఊరు, ఏమైంది అన్నవి తర్వాత. ముందు గ్రూపు అడిగేవారు, కుర్చీ చూపించేవారు, మంచినీళ్ళిచ్చేవారు. ఫోన్ వాళ్ళ చేతికి ఇచ్చేవారు కాదు. అంచున ఏముందో చూసుకుని తానే చేసేవారు. ఒకరితో గట్టిగా, ఒకరితో బతిమాలుతూ, ఒకరితో పనివాడిలా, ఒకరితో బంధువులా మాట్లాడేవారు. నేను అదంతా ఆయన మంచితనం అనుకున్నాను. అది ఒక పద్ధతి అనీ, తలుపు బందులు మార్చడం లాంటిదేననీ నాకు తట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటాక సెల్‌ఫోన్లు వచ్చిపడ్డాయి, బూత్‌లు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. మేం ఒక అద్దాల గది తీసేసి రెండు కంప్యూటర్లు పెట్టాం, బోర్డు మీద ఇంటర్నెట్ సెంటర్ అని రాయించాం. పొద్దున్నపూట ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి నేను వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుంటున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. కళ్ళకి కనబడిన ప్రతిదాన్నీ వెబ్‌సైటు చేసేయాలని ఉండేది నాకు. ఊళ్ళో ఒక సేవా సంఘం వాళ్ళు మస్తాన్‌గారి పుస్తకం గురించి విని, దీన్ని వెబ్‌సైటుగా పెడితే ఆస్పత్రుల దగ్గర ఎక్కడైనా చూసుకోవచ్చు కదా, మేం సాయం చేస్తాం అన్నారు. నేను ఎగిరి గంతేశాను.

మస్తాన్‌గారు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. మొదట్లో నేను తెర మధ్యన గిరగిరా తిరిగే రక్తపు చుక్క బొమ్మ పెట్టాను. "ఇది ఎందుకమ్మా?" అన్నారు. అందానికి అన్నాను. ఆయన ఎదుటి టీకొట్టు ఆయన్ని పిలుచుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, "మీవాళ్ళకి రక్తం కావాలనుకో. ఏం చేస్తావు?" అని అడిగారు. టీకొట్టాయన తిరిగే చుక్క మీద నాలుగుసార్లు నొక్కి, ఏమీ రాకపోయేసరికి మావైపు తిరిగి చూశాడు. నేను నవ్వాను. మస్తాన్‌గారు నవ్వలేదు. "తలుపు" అన్నారు, అంతే. ఆ చుక్కని అప్పుడే తీసేశాను.

అలా చాలా తీసేశాను. పేరు నమోదు చేసుకోమనడం తీసేశాను, పాస్‌వర్డు తీసేశాను, సంఘం అధ్యక్షుడి ఫొటోని మొదటి పేజీ నుంచి చివరి పేజీకి పంపాను. తెరవగానే ఎనిమిది గ్రూపులకీ ఎనిమిది పెద్ద బటన్లు, నొక్కితే పేర్లూ నంబర్లూ, అంతే. ఆ రోజుల్లో తెలుగు అక్షరాలు ఒక కంప్యూటర్లో కనబడితే ఇంకోదాంట్లో పిచ్చిగీతలయ్యేవి, అందుకని అన్నీ ఇంగ్లీషులోనే పెట్టి గ్రూపుల దగ్గర మాత్రం తెలుగుని బొమ్మగా పెట్టాను. ఇవాళ చూసినా ఆ వెబ్‌సైటుకి నేను వంక పెట్టలేను. చూడటానికి అంత సులువైనది తర్వాత నేను మళ్ళీ చేయలేదు. తప్పు తెర మీద ఉంటే టీకొట్టాయన పట్టేసేవాడు. తెర మీద లేనిదాన్ని ఆయనెలా పట్టుకుంటాడు?

పుస్తకంలోని వివరాలు ఎక్కిస్తున్న రోజు మస్తాన్‌గారు అడిగారు. "అంచు రాతలు ఎక్కడ పెడతావమ్మా?"

"అవి పెట్టకూడదు బాబాయ్‌గారూ. లోకమంతా చూస్తుంది. తల్లికి తెలీకుండా ఇస్తాడని అందరికీ కనపడేటట్టు రాస్తామా?"

ఆయన పెన్సిలు చేతిలోకి తీసుకున్నారు. "అదీ నిజమే. అయితే అంచున రాత ఉన్నోళ్ళ నంబర్లు ఇవ్వబాక. వాళ్ళ పేరు దగ్గర మన బూత్ నంబరు పెట్టు. కావల్సినోళ్ళు మనకి చేస్తారు, మనం వాళ్ళకి చేద్దాం."

"మధ్యలో మనిషి లేకుండా పని జరగాలనే కదా వెబ్‌సైటు. మనిద్దరికీ జ్వరమొస్తే? బూత్ మూసుంటే? నంబరు ఎదురుగా ఉంటే ఎవరికి వాళ్ళు చేసుకుంటారు."

"చేసుకుంటారు. ఏం మాట్లాడాలో వాళ్ళకి ఎవరు చెప్తారు?"

"రక్తం కావాలని చెప్తారు. ప్రాణం మీదికొచ్చిందంటే ఎవరు కాదంటారు బాబాయ్‌గారూ?"

ఆయన నా వంక చూశారు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని లేచారు. "చదువుకున్నదానివి, నీకు తెలుసులేమ్మా" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎత్తిపొడిస్తే నాకు కోపం వచ్చేది, కోపం వస్తే ఇంటికి పోయేదాకా దాన్నే తలుచుకునేదాన్ని, తలుచుకుంటే ఎక్కడో ఒకచోట బుద్ధి వెలిగేది. ఆయన నన్ను నిజంగానే నమ్మారు. నేనేమో నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని కూర్చున్నాను. చివరికి బూత్ ఫోన్ నంబరు కూడా ఎక్కడా పెట్టలేదు. చివరి పేజీలో ఒక ఈమెయిలూ, దాని కింద చిన్న అక్షరాల్లో బూత్ చిరునామా పెట్టాను. ఫోన్ నంబరు ఉంటే పాతకాలపు పద్ధతిలా కనబడుతుందని నా అభిప్రాయం.

పేపర్లో మా ఫొటో వచ్చింది. మా నాన్న ఆ పేపరు పట్టుకుని కంకిపాడంతా తిరిగాడు. వెబ్‌సైటుని ఎంతమంది చూశారో చెప్పే అంకెలు పేజీ అడుగున పెరుగుతూ ఉండేవి. నేను రోజూ వాటిని మస్తాన్‌గారికి చూపించేదాన్ని. "చూసినోళ్ళు సరేనమ్మా. దొరికినోళ్ళు ఎంతమంది?" అనేవారు. అది చెప్పే అంకె నా దగ్గర లేదు. ఆయన తన మానాన తాను నెలనెలా ఫోన్లు చేసి, పుస్తకంలో చెరిపి రాస్తూనే ఉన్నారు. ఆ మార్పుల్ని నెలకోసారి వెబ్‌సైటులో ఎక్కిస్తానని మాటిచ్చాను. మొదటి నెల ఎక్కించాను. రెండో నెల సగం ఎక్కించాను. తర్వాత వేరే వాళ్ళకి వెబ్‌సైట్లు చేసే పనిలో పడ్డాను. బూత్‌కి రక్తం కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆస్పత్రుల దగ్గర నెట్ సెంటర్లలో మా పేజీ తీసి కాగితం మీద ప్రింటు కొట్టి ఇస్తున్నారని విని, మనం గెలిచామని ఆయనతోనే అన్నాను.

ఎండాకాలం, మధ్యాహ్నం రెండు దాటింది. ఒకాయన చెమటతో తడిసిన కాగితం పట్టుకుని లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ళ రైతు, పేరు సాంబశివరావు, మాట వినగానే మా కంకిపాడు వైపు మనిషని తెలిసింది. ఆయన చెల్లెలు పద్మ పొద్దున ప్రసవించింది, రెండో కాన్పు. పాప బాగానే ఉంది, తల్లికి మాత్రం రక్తస్రావం ఆగలేదు. ఓ నెగెటివ్. ఉన్న ఒక్క బాటిలూ ఎక్కించేశారు, ఇంకా కావాలన్నారు. నెట్ సెంటర్లో ప్రింటు కొట్టించుకున్న మా పేజీలో ఓ నెగెటివ్ వాళ్ళు ముగ్గురున్నారు. పేజీ చివర చిన్న అక్షరాల్లో చిరునామా ఉందని ఎవరో చూసి చెబితే, దిక్కుతోచక నడుచుకుంటూ వచ్చాడు.

"మొదటి నంబరు లేదంటందండీ. రెండో ఆయన మూణ్ణెల్లు కాలేదు, ఇప్పుడు ఇవ్వగూడదన్నాడు. మూడోది ఎవరో పెద్దావిడ ఎత్తింది. రక్తం అనంగానే మావాడు ఊళ్ళో లేడని పెట్టేసింది. మళ్ళీ చేశా. కాళ్ళు పట్టుకుంటానమ్మా అన్నా, మళ్ళీ పెట్టేసింది. ఐదుసార్లు చేశానండీ. ఆ తర్వాత రిసీవరు తీసి పక్కన పెట్టినట్టుంది, ఇక మోగలా."

"మొదట ఎప్పుడు చేశారు?" అని మస్తాన్‌గారు అడిగారు.

"పొద్దున పదింటికండీ."

మస్తాన్‌గారు ఆ కాగితం చూడలేదు, పుస్తకం తెరవలేదు. నా వంక అసలే చూడలేదు. ఫోన్ దగ్గరికి లాక్కుని నంబరు నొక్కారు. ఈసారి మోగింది. ఎప్పటి గొంతుతోనే, నవ్వుతున్నట్టే మాట్లాడారు. "అమ్మా, నేను మస్తాన్‌ని. కిశోర్ ఉన్నాడా? ఆటకి ఒకరు తగ్గారు." అవతలి గొంతు నాకు వినబడింది. "రాత్రి డ్యూటీ చేసొచ్చి పొద్దుట్నుంచీ పడుకునే ఉన్నాడండీ. ఉండండి, లేపుతాను." అంతే. అంత సులువు. పొద్దుటి నుంచీ మనిషి ఇంట్లోనే ఉన్నాడు.

కిశోర్ అరగంట కూడా కాకుండా బండి మీద ఆస్పత్రికి చేరాడు. నేను సాంబశివరావుతో పాటు వెళ్ళాను. కిశోర్ చేతికి సూది గుచ్చి ఉంది, రక్తం సంచి సగం నిండింది, అప్పుడు లోపలి నుంచి నర్సు వచ్చి మెల్లగా ఏదో చెప్పింది. నాకు మాట వినబడలేదు, సాంబశివరావు గోడకి ఆనుకుని కిందికి జారడం కనబడింది. కాసేపయ్యాక ఆయన చొక్కా జేబులోంచి ఆ కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని మడతలు సరిచేసి, నాకిచ్చాడు. "ఉంచండమ్మా. ఇంకెవరికన్నా పనికొచ్చిద్ది" అన్నాడు. పైన నేను చేసిన ఎనిమిది బటన్లూ అచ్చయి ఉన్నాయి. అది నేను చేసిందని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

బూత్‌కి వచ్చి మస్తాన్‌గారి ముందు నిలబడ్డాను. "నాదే తప్పు కదా బాబాయ్‌గారూ" అన్నాను. కాదమ్మా అంటారని అడిగాను, దాచుకోవడం ఎందుకు. ఆయన అనలేదు. "నీది కాదని అననమ్మా. నాది కూడా. నువ్వు వద్దన్నావని తెలిసి తెలిసి ఊరుకున్నా" అన్నారు. తర్వాత ఆయన లేచి, కుర్చీ లాగి, నాకు మంచినీళ్ళిచ్చారు. వణికే చేతులతో వచ్చినవాళ్ళకి ఇచ్చినట్టే.

మర్నాడు సేవా సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్ళి వెబ్‌సైటు తీసేయమన్నాను, కనీసం నంబర్లు తీసేయమన్నాను. నేను మార్పులు ఎక్కించడం మానేశాక సైటు పాస్‌వర్డు ఆయన చేతికి పోయింది. ఆయన పేజీ అడుగున అంకెలు చూపించి, ఒక్క కేసు కోసం ఇంత మంచి సేవ ఆపుతామా అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. ఆ వెబ్‌సైటు అలాగే కొన్నేళ్ళపాటు బతికింది, ఆ నంబర్లతోనే. మస్తాన్‌గారు అంచు రాత ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, మీ నంబరు బయట పడింది, తెలియనివాళ్ళు చేస్తే దయచేసి వినండి అని చెప్పారు. కొందరు మండిపడ్డారు, మిమ్మల్ని నమ్మి ఇస్తే ఊరందరికీ పంచుతారా అన్నారు. పుస్తకంలోంచి కూడా తమ పేరు కొట్టేయమన్నారు. ఆయన ఒక్కొక్క పేరునీ స్కేలు పెట్టి కొట్టేస్తుంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను.

కొన్ని వారాల తర్వాత ఒకావిడ ఫోన్ చేసుకోవడానికి బూత్‌కి వచ్చింది. ఇంట్లో ఫోన్ పాడయిందట. మస్తాన్‌గారితో ఆవిడ మాట్లాడే తీరు చూసి కిశోర్ తల్లి అని నాకు అర్థమైంది. బిల్లు తీసుకుంటూ ఆవిడ అంది, "ఎవరెవరో రక్తం రక్తం అని ఫోన్లు చేస్తన్నారండీ మస్తాన్‌గారూ. మొన్నామధ్య ఒకాయనైతే ఏడుపు కూడా. మావాడి నంబరు ఎవరిచ్చారో గానీ, వాళ్ళ చేతులు పడిపోను." నా చేతులు కీబోర్డు మీద ఉన్నాయి. మస్తాన్‌గారు, "ఇక రావులేమ్మా" అన్నారు. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

"ఆవిడకి చెప్పాలి బాబాయ్‌గారూ. ఆవిడ పెట్టేయకుండా ఉంటే పద్మ బతికేది" అన్నాను. నా గొంతు మళ్ళీ గట్టు మీది గొంతయింది.

"చెప్తే ఏమొచ్చిద్ది? ఇక బతికినన్నాళ్ళూ ఫోన్ మోగినప్పుడల్లా ఒణికిపోద్ది. ఆమె తోసిద్దని మనకి ముందే తెలుసమ్మా. అంచున రాసి పెట్టుకున్నాం గూడా."

ఇది జరిగి రెండేళ్ళు తిరక్కముందే బూత్ మూసేశాం. నాకు వెబ్‌సైట్లు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, కాపురం భవానీపురంలోనే పడింది. కిశోర్ మా వెనక వీధిలో ఉంటాడు. కనబడితే పిల్లల చదువులడుగుతాడు, ఆరోగ్యం అడుగుతాడు. ఉద్యోగంలో నాకు మంచి పేరుంది. కొత్తగా చేరినవాళ్ళకి తలుపు కథ చెబుతాను, అందరూ మెచ్చుకుంటారు. నిన్న ఒక ఆస్పత్రి వాళ్ళ వెబ్‌సైటు గురించి మీటింగు జరిగింది. పేజీలో ఫోన్ నంబరు తీసేద్దామన్నారు. ఎత్తి మాట్లాడే మనిషి ఒకరుండాలి కదా అన్నాను. మధ్యలో మనిషి లేకుండా పని జరగాలనే కదా మేడమ్ వెబ్‌సైటు అని ఒక అమ్మాయి మర్యాదగా చెప్పింది. నా మాటే నాకు అప్పజెప్పినట్టయింది. చాలాసేపు వాదించాను. నంబరు తీసేశారు.

మస్తాన్‌గారు పోయి కొన్నేళ్ళయింది. నలభయ్యో రోజు అయ్యాక వాళ్ళావిడ ఖైరున్నీసాగారు నన్ను పిలిచి, ఇది నీకివ్వమన్నారమ్మా అని ఆ పొడుగాటి పుస్తకం చేతిలో పెట్టారు. చాలా రోజులు తెరవలేదు. తెరిచిన రోజున ఓ నెగెటివ్ పేజీ తిప్పేసి, బి పాజిటివ్ పేజీలో నా పేరు వెతుక్కున్నాను. పేరు ఇంకుతో ఉంది. అంచున పెన్సిలుతో, ‘ఎప్పుడు పిలిచినా వస్తుంది. వెబ్‌సైటు మాట ఎత్తొద్దు’ అని ఉంది.

అప్పుడు అర్థమైంది, కిశోర్ ఆ ఒక్కటి తప్ప అన్నీ ఎందుకడుగుతాడో. టీకొట్టాయనా, ఖైరున్నీసాగారూ కూడా ఆ రోజు సంగతి నా దగ్గర ఎన్నడూ ఎందుకెత్తలేదో. వాళ్ళకీ ఆయన చెప్పి ఉంచారన్నమాట. ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఇవాళ నేనే ఎత్తాను.

బూత్ మూసేశాక కూడా మస్తాన్‌గారు నెలకోసారి నాకు ఫోన్ చేసేవారు. "కులాసాయేనా అమ్మా" అని అడిగేవారు. పెద్దాయన మర్యాద అనుకునేదాన్ని. "కులాసాయే బాబాయ్‌గారూ" అనేదాన్ని, నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసేదాన్ని. పోయే నెలలో కూడా చేశారు. ఆ రాత ఆయన చెరపలేదు.